మంగళవారం బోణీ

నేను పుణ్యం కోసం ఈ పనిలో చేరలేదు. నా గదిలో ఏం జరుగుతోందో చూసుకుందామని చేరాను.

నిజామాబాద్‌లో బోధన్ రోడ్డు మీద మాకు మోటార్లు, పైపుల దుకాణం. నా పేరు ముత్తన్న. బజారంతా సేటు అనే పిలుస్తుంది. దుకాణం పైన ఒక గది ఖాళీగా పడి ఉండేది. పోయినేడు మా వ్యాపారుల సంఘం మీటింగుకు ఒక ట్రస్టు వాళ్లు వచ్చారు. బతుకు మీద విసిగి ఏదైనా చేసుకుందామనుకునేవాళ్లు ఫోన్ చేస్తే మాట్లాడే కేంద్రం పెడతామన్నారు, దానికి గది కావాలన్నారు. సంఘంలో అందరూ నా వైపు చూశారు. కిరాయి ఏమిస్తారని అడిగితే నవ్వారు. పోనీ, బయట బోర్డు మీద దుకాణం పేరైనా వేయమన్నాను. అసలు బోర్డే ఉండదన్నారు. కేంద్రం ఎక్కడుందో ఎవరికీ తెలియకూడదట. కిరాయి లేదు, పేరు లేదు, కరెంటు మాత్రం నా మీటరు మీద. ఇంత గుడ్డి బేరం నేనెన్నడూ చేయలేదు. ఇంత చేసి, లోపల ఏం నడుస్తోందో కూడా తెలియకపోతే ఎట్లా? వాలంటీర్లలో నా పేరూ రాయించాను.

శిక్షణ ఇచ్చింది శ్రీవాణి. కేంద్రం నడిపేది ఆమే. సైకాలజీ చదివింది, నన్ను అంకుల్ అంటుంది. మా పెద్దబిడ్డ వయసుదే, కానీ మా బిడ్డ కంటే ఎక్కువ అడ్డుపడుతుంది. సలహా ఇవ్వొద్దంది. వాదించొద్దంది. మన పేరు చెప్పొద్దు, తప్పొప్పులు తీయొద్దు, అవతలి మనిషి చెప్పేది వినాలంది.

"మరి మనం ఇచ్చేదేంది?" అన్నాను.

"వినడమే ఇస్తాం, అంకుల్."

"గిరాకీ వచ్చి మోటరు కాలిపోయింది సేటూ అంటే, అయ్యో, మీకు బాధగ ఉన్నట్టుంది అని సాగనంపాల్నా?"

"మోటార్ల గురించి ఇక్కడికెవరూ ఫోన్ చేయరు అంకుల్."

అక్కడ ఆమె లెక్క తప్పింది. మోటార్ల గురించే చేశారు. మాక్లూర్ నుంచి ఒకతను ట్రాన్స్‌ఫార్మర్ పేలి మోటరు కాలిందనీ, లైన్‌మన్ ఫోన్ ఎత్తడనీ చేశాడు. ఇది ఆ ఆఫీసు కాదయ్యా అంటే, "కష్టంల ఉన్నోళ్లు చెయ్యాలె అని రాసిండ్రు గదా, నేను కష్టంల లేనా?" అని తగులుకున్నాడు. బాల్కొండ నుంచి ఒక అవ్వ చేసి, "పింఛన్ పడలే బిడ్డా, జర సూడు" అంది. నేను చూడలేను అవ్వా అంటే, "మరి గింతసేపు ఎందుకు మాట్లాడినవ్, నా ఫోన్ల చార్జింగు పోయె" అని తిట్టి పెట్టేసింది. ఇక భీమ్‌గల్ ఆయన ఒకడు. తమ్ముడు పొలంగట్టు జరిపాడని వారం వారం చెప్తాడు. గట్టు ఎటు జరిగింది, ఎంత జరిగింది, మధ్యలో ఉన్న తుమ్మచెట్టు ఎవరిది, ఇవన్నీ నాకిప్పుడు వాళ్ల తమ్ముడి కంటే బాగా తెలుసు. "సర్వే పెట్టించుకో" అని ఒక్క ముక్క అంటే అయిపోయే పంచాయతీ. అనకూడదట. విన్నాను. మంగళవారం మంగళవారం దుకాణం మా తమ్ముడు భాస్కర్ మీద వదిలేసి, పైన కూర్చుని గట్టు సంగతి విన్నాను.

ఆ శిక్షణలో నాకు నచ్చిన మాట ఒక్కటే. అనుమానం వస్తే తిన్నగా అడగాలి, చచ్చిపోదామనుకుంటున్నారా అని. చుట్టూ తిప్పకూడదు. అడిగితే ఆలోచన పుడుతుందనేది అబద్ధమట. అది బాగుంది. ధర ముందే చెప్పేస్తే ఇద్దరికీ సుఖం.

ఆ ప్రశ్న నేను నిజంగా అడగాల్సి వచ్చింది మాత్రం మొన్న మాఘమాసంలో, ఒక మంగళవారం పొద్దున.

అప్పుడే వచ్చి కూర్చున్నాను. చెవులకు హెడ్‌ఫోన్ పెట్టుకున్నానో లేదో ఫోన్ మోగింది.

"ఏవండీ, ఇది ఆ మాట్లాడే నంబరేనాండీ?"

కోస్తా మాట. బోధన్ చుట్టుపక్కల క్యాంపుల వాళ్లు ఇట్లా మాట్లాడతారు. వాళ్ల తాతలు కాలువ నీళ్లను చూసి ఇటు వచ్చి పొలాలు కొనుక్కున్నారు. మనుమలు పుట్టింది ఇక్కడే అయినా ఆ 'అండీ' మాత్రం పోలేదు. నా గిరాకీలో సగం వాళ్లే.

"అవునండి, చెప్పుండ్రి."

"చెప్పడానికేం లేదండి. వెళ్లేముందు ఎవరితోనైనా ఓ ముక్క మాట్లాడదామనిపించింది."

"యాడికి పోతున్నరు?"

అలవాటు కొద్దీ వచ్చేసింది. అన్నాకే నాకు వెలిగింది. తిన్నగా అడిగాను.

"చచ్చిపోదామనుకుంటున్నరా?"

"అవునండి," అన్నాడు ఆయన. ఎన్ని ఎకరాలు అని అడిగితే చెప్పినట్టు చెప్పాడు.

నేను చెయ్యి ఊపాను. శ్రీవాణి తన బల్ల దగ్గర రెండో హెడ్‌ఫోన్ పెట్టుకుని లైన్లోకి వచ్చింది. కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి చూపించింది. 'ఎక్కడ? దగ్గర ఎవరున్నారు?'

కాలువ కట్ట మీద కూర్చున్నానన్నాడు. ఒక్కణ్నే అన్నాడు. ఏ ఊరంటే, "ఆ సంగతి మీకెందుకులెండి" అన్నాడు. పేరడిగితే మాత్రం వెంటనే చెప్పాడు. ఇక్కడ ఆయన్ని రామకోటేశ్వరరావు అంటాను. అసలు పేరు వేరు. ఈ కథ రాయడానికి ఆయన ఒప్పుకున్నాడు, పేరు మాత్రం వేయొద్దన్నాడు.

"ఏమైంది రావుగారూ?"

ఏమైందో చెప్పడానికి ఆయన చాలాసేపు తీసుకున్నాడు. చెరుకు రైతు. మిల్లు మూతపడ్డాక చుట్టూ అందరూ వరిలోకి దిగినా, ఆయన, పక్క పొలం చంద్రయ్య చెరుకు వదల్లేదు. దూరపు మిల్లుకు తోలుకుంటున్నారు. పోయిన వారం ఈయన చెరుకు నరికించాడు. నరికిన చేలో ఆకు, చెత్త మిగులుతుంది కదా. మోళ్లు మళ్లీ చిగురించాలంటే దాన్ని తగలబెడతారు. పొద్దున్నే, మంచు ఆరకముందే కాల్చాలి. ఎండెక్కితే గాలి లేస్తుంది. ఆ ముక్క క్యాంపులో ప్రతి కుర్రాడికీ ఏటా చెప్పేది ఈయనే. నిన్న మధ్యాహ్నం, ఎవరితోనో పెళ్లి మాటల్లో పడి పొద్దున ఆలస్యమైందని, ఎండలో నిప్పు పెట్టింది కూడా ఈయనే. గాలి తిరిగింది. చంద్రయ్య చెరుకు, కోతకు సిద్ధంగా ఉన్నదంతా, కళ్లముందే అంటుకుంది.

"ఎవలకన్న ఏమన్న అయ్యిందా?"

"లేదండి. మనుషులకేం కాలేదు. చెరుకే."

నాకు ప్రాణం కుదుటపడింది. దానితోపాటే దురద కూడా మొదలైంది. ఎందుకంటే కాలిన చెరుకు నాకు తెలియని సరుకేం కాదు. కాలినా అది చెరుకే. మిల్లుకు కబురు చేస్తే వరస తప్పించి ముందు తీసుకుంటారు. వెంటనే నరికి పంపితే తూకం కొంచెమే పడిపోతుంది. ఆలస్యం చేస్తేనే నష్టం. ముఠా కావాలి, లారీలు కావాలి, రెండూ నేను కూర్చున్నచోటి నుంచి మాట్లాడగలను. ఇంత చిన్న పనికి ఒక మనిషి కాలువ కట్ట ఎక్కి కూర్చోవడమేంటి? శ్రీవాణి నా ముఖం చూసి, వద్దు అన్నట్టు వేలు ఆడించింది. నేను అటు తిరిగి కూర్చున్నాను.

"రావుగారూ, మిల్లుకు చెప్పిండ్రా? కాలిన చెరుకు ముందు దీసుకుంటరు. నాకు తెలిసిన లారీలోళ్లున్నరు..."

"అవన్నీ చంద్రయ్య చేసుకుంటున్నాడండి," అన్నాడాయన మెల్లగా. "తెల్లారేసరికే కోత ముఠా దిగింది. ఇక్కణ్ణుంచి కనపడుతూనే ఉన్నారు. చెరుకు సంగతి నాకు తెలియదాండీ?"

"మరి ఇంకేంది?"

"అతను నన్ను ఒక్క మాట అనలేదండి."

నేను ఆగాను. ఇంకా ఏమైనా చెప్తాడేమోనని. చెప్పలేదు.

"అనకపోతే మంచిదే గదా?"

"మీకు తెలియదండి. మా రెండిళ్లకీ ఒకటే తూము. నీళ్ల వంతు దగ్గర ఏటా తిట్టుకుంటాం. వాళ్ల నాన్న మా నాన్నని తిట్టాడు, మేమిద్దరం తిట్టుకున్నాం. ఉన్నవీ లేనివీ అన్నీ అనుకుంటాం. మర్నాడు మళ్లీ వాళ్లింట్లో టీ తాగుతాను. మనిషనేవాడు తిట్టాడంటే ఇంకా మనవాడే అన్నమాట. నిన్న అంత చెరుకు కాలిపోతే, నా వంక చూసి, తల వంచుకుని వెళ్లిపోయాడండి. తెంపుకున్నాడు. ఇంక ఏ ముఖం పెట్టుకుని ఆ చేలోకి దిగను?"

ఇదీ సంగతి. ఒకడు తిట్టలేదని ఇంకొకడు చస్తానంటున్నాడు. ఇన్ని వారాలుగా అణచుకున్న విసుగంతా నాకు నెత్తికెక్కింది. గట్టు జరిపిన తమ్ముడు, పింఛన్ అవ్వ, నా మీటరు మీద కరెంటు, అన్నీ కలిసి ఒక్కసారే బయటికి వచ్చాయి.

"ఏం మనిషివయ్యా నువ్వు? ఊరందరికి బుద్ధి చెప్పెటోనివి, ఎండపూట నిప్పు పెడ్తవా? పెట్టినవ్ పో. చెరుకు పోయినోడు పొద్దుగాల్నే లేసి పని చూసుకుంటున్నడు, పెట్టినోడివి నువ్వు కట్ట మీద కూసోని ఏడ్సుకుంట నాకు ఫోన్ చేస్తున్నవా? ఇంట్లోళ్లు ఏమైపోతరని సోయి ఉన్నదా?"

శ్రీవాణి రెండు చేతులతో తల పట్టుకుంది.

అటువైపు గాలి చప్పుడు. నీళ్ల చప్పుడు కూడా వినిపించింది.

"నిజమేనండి," అన్నాడు రావుగారు. గొంతులో కోపం లేదు, ఏడుపు లేదు. ఏమీ లేదు. "మీరన్నది నిజం. మీ టైము పాడుచేశాను. ఉంటానండి."

దుకాణంలో ఈ గొంతు నాకు తెలుసు. బేరం కుదరక కోపంతో పోయేవాడు మెట్లు దిగేలోపు వెనక్కి చూస్తాడు. మర్యాదగా దండం పెట్టి పోయేవాడు మళ్లీ రాడు.

"ఆగుండ్రి!" అని అరిచాను. "ఇంక నా బోణీ కాలే."

"ఏమిటండీ?"

"బోణీ. పొద్దున్నుంచి మీదే మొదటి ఫోన్. బోణీ చెయ్యకుండ పోతరా?"

నేనిది ఆలోచించి అనలేదు. నోటికి వచ్చింది. శ్రీవాణి రాస్తున్న పెన్ను ఆపి నా వైపు చూసింది. ఇప్పుడు పెట్టేస్తాడు అనుకున్నాను.

"బోణీ ఏమిటండీ," అన్నాడు ఆయన. "ఇదేమన్నా దుకాణమా?"

"దుకాణం కాకపోతే ఏంది, కూసున్నది మాత్రం యాపారే. ఇరవై ఏండ్ల సంది గల్లా ముందట కూసున్నోణ్ని. మొదటి మనిషే ఉత్త చేతులతోని పోతే ఆ దినమంత నా చేతులు ఆడయి. మీరు పెద్దమనిషి. పోతే పోతరు. కని ఇంకొకని బోణీ ఖరాబ్ చేసి పోతరా?"

మా బజారులో ఎంత గొడవపడే మనిషైనా పొద్దున మొదటి బేరం మధ్యలో వదిలి పోడు. కొనేవాడు అక్కరలేకపోయినా ఒక నట్టో బోల్టో తీసుకుంటాడు. అమ్మేవాడు నష్టమైనా కొంచెం దిగుతాడు. క్యాంపుల వాళ్లయితే మరీను. సామాను కోసం తొందరగా వస్తే, "బోణీ అయిందాండీ?" అని అడిగి, కాలేదంటే పక్కన నిలబడి ఇంకొకరిని ముందు పోనిస్తారు, తమ చెయ్యి మంచిదో కాదో అని.

రావుగారు ఫోన్ పెట్టేయలేదు.

"నా దగ్గర కొనడానికేం లేదండి," అన్నాడు చివరికి.

"కొనేది నేను. మీరు అమ్ముండ్రి."

"ఏం అమ్మమంటారు?"

"ఇయ్యాల్టి దినం. రేపు పొద్దుగాల దాక ఏం చేసుకోనని మాట ఇయ్యుండ్రి. గదే బోణీ."

"రేపటిదాకా నావల్ల కాదండి."

"మరి ఎందాక ఇస్తరు?"

"ఒక గంట."

"గంటా? గంటకు బోణీ చేసిన అంటే బజార్ల నవ్వుతరు. మీరు చెరుకు అమ్మినోళ్లేనా?"

"మీరు మరీ దారుణంగా ఉన్నారండి. మధ్యాహ్నం దాకా ఉంటాను."

"మధ్యాహ్నం దాక అయితే నాకొద్దు. పొద్దుగూకే దాక."

"వద్దంటే మానేయండి!"

ఆ గొంతులో చిరాకు వినగానే, దేవుడా, నాకు ఎంత హాయిగా అనిపించిందో. ఏమీ లేని గొంతులో అది ఉంది. శ్రీవాణి కూడా వింది. నెమ్మదిగా తల ఊపింది, కానివ్వు అన్నట్టు.

"గట్ల కోపానికి వస్తే ఎట్ల? నేను రేపటి నుంచి ఇయ్యాల్టికి దిగిన. మీరూ జర ఎక్కాలె గదా."

"సరే. పొద్దుగూకే దాకా. అంతకన్నా ఒక్క నిమిషం ఇవ్వనండి."

"అయిపాయె. మాటనా?"

"మాటేనండి."

"ఇగ సరుకు నాది. నా సరుకును కట్ట మీద పెట్టద్దు. దిగుండ్రి కిందికి."

విసుక్కుంటూనే దిగాడు. రాళ్లు జారిన చప్పుడు, తర్వాత ఆయాసం. శ్రీవాణి ఇంకో కాగితం చూపించింది. 'ఎక్కడికి రావాలో అడగండి.' అడిగాను. కొన్నవాడికి చెప్పక తప్పదనుకున్నాడేమో, ఈసారి క్యాంపు పేరు, తూము గుర్తు, అన్నీ చెప్పాడు. శ్రీవాణి పక్క ఫోన్ తీసి అంబులెన్సుకు చెప్పింది. వాళ్లు రావడానికి టైము పడుతుంది. ఆ లోపల ఆయన ఒంటరిగా ఉండకూడదు.

"రావుగారూ, చంద్రయ్య చేను ఎంత దూరం?"

"ఎదురుగానే ఉందండి."

"ఆన్నే పోండ్రి."

"ఎలా వెళ్లనండి? ఏమని చెప్పను?"

"తిట్టమని అడుగుండ్రి. తిట్టనందుకే గదా గిదంతా. తెంపుకున్నడో లేదో ఆయన నోటితోని ఇనుండ్రి. ఫోన్ పెట్టెయ్యద్దు, జేబుల ఏసుకోండ్రి. నేనింటుంట."

ఒప్పుకోడనే అనుకున్నాను. ఇంతలో ఫోన్ జేబులో పడిన గరగర. నడక. కాలిన ఆకు కింద నలుగుతున్న చప్పుడు. మరాఠీలో ఎవరో పెద్దగా అరుస్తున్నారు, మహారాష్ట్ర నుంచి వచ్చిన కోత ముఠా వాళ్లు. శ్రీవాణి నా పక్కకు వచ్చి నిలబడింది. ఇద్దరం ఒక మనిషి జేబులో కూర్చున్నట్టు విన్నాం.

"ఏందే కోటేశన్నా!" కొత్త గొంతు, మా వైపు గొంతు. "ఏడవోయినవే? ఆ ముకద్దం చెప్పేది నాకు సమజ్ గాదు, నేను చెప్పేది ఆనికి సమజ్ గాదు. ఆ మొదళ్లు జానెడు ఇడిసిపెట్టి నరుకుతుండ్రు సూడు! నువ్వస్తవని సూస్కుంట కూసుంటి."

కోత ముఠా పెద్దను ముకద్దం అంటారు. ఏటా వాళ్లతో మాట్లాడి మాట్లాడి రావుగారికి మరాఠీ వచ్చు.

"చంద్రయ్యా," అన్నాడు రావుగారు. "నన్ను తిట్టవయ్యా."

"ఆఁ?"

"నిన్న ఒక్క మాట అనలేదు నువ్వు. తెంపుకున్నావా?"

"ఏం తెంపుకునుడు?"

"మాట్లాడకుండా వెళ్లిపోయావుగా."

"మరేం జేయాలె? నీ క్యాంపోళ్లు అందరు నిలవడ్డరు. మీ ఇంటామె రాధక్క నిలవడ్డది. నువ్వు చెప్తె ఇనే పోరగాండ్లంత ఆన్నే ఉన్నరు. నలుగుర్ల పెద్దమనిషిని పట్టుకోని తిడ్తనా? నీకు మర్యాద లేదా, నాకు మర్యాద లేదా? నోటి దాక వచ్చినయి. పండ్లు కొరుక్కోని పోయిన."

"మర్యాదా?" అన్నాడు రావుగారు. ఆ మాట ఎప్పుడూ విననట్టు.

"కాకపోతే ఏంది? ఇప్పుడు మనోళ్లు ఎవ్వరు లేరు గదా, ఇను మరి. నీ ఎవుసం కాల! నీ కండ్లు దొబ్బినయా, మిట్టమధ్యాన్నం నిప్పు పెడ్తవ్? పొద్దుగాల కాల్సాలె, మంచుల కాల్సాలె అని మైకు పట్టినట్టు చెప్తివి గదనే సుట్టూత! నా బంగారమసొంటి తోట! దినాము లేసి దాని మొఖం సూసెటోణ్ని నేను! రాత్రి బువ్వ తిన్ననా? నీయవ్వ, నువ్వు కనవడితే గుంజి..."

మిగిలింది నేను రాయను. రాయదగింది కాదు. అలుపు లేకుండా తిట్టాడు. తాతను తిట్టాడు, కోస్తా నుంచి వచ్చిన రైలును తిట్టాడు, తూమును తిట్టాడు. మధ్యలో ముకద్దాన్ని కూడా రెండు తిట్టి మళ్లీ ఈయన దగ్గరికి వచ్చాడు.

"ఆపమందామా?" అంది శ్రీవాణి గుసగుసగా.

"ముట్టకు," అన్నాను.

తిట్లు ఆగాయి. ఆగాక ఒక పెద్దమనిషి ఏడుపు వినిపించింది. నడివయసు దాటిన మగవాడు ఏడిస్తే అదో రకం చప్పుడు, దగ్గో ఏడుపో తెలియదు.

"అరె... ఏందన్నా," అన్నాడు చంద్రయ్య. గొంతు మారిపోయింది. "అయిపాయె తియ్యి. అరె, గింతకే? ఎప్పుడు తిట్టుకోలేదానే మనం?"

నేను జేబులోంచి వినపడేటట్టు గట్టిగా పిలిచాను. రావుగారు ఫోన్ తీశాడు. "మీ సంగతి ఆయనకు చెప్పాలె. చెప్పనా?" అని అడిగాను. కొంచెం ఆగి, చెప్పండి అన్నాడు. ఫోన్ చంద్రయ్యకు ఇచ్చాడు.

"ఎవలయ్యా నువ్వు?"

"పేరు చెప్పద్దని రూలు. ఆయన పొద్దుగాల్నుంచి కాలువ కట్ట మీద కూసున్నడు. మంచి ఆలోచన తోని కాదు. నేను చెప్పేది సమజయిందా?"

అటు దూరంగా కత్తుల చప్పుడు, మరాఠీ.

"గిందుకా," అన్నాడు చివరికి. "నేను తిట్టనందుకా?"

"ఒక్కన్ని ఇడువద్దు. అంబులెన్సోళ్లు వస్తున్నరు, వాళ్లతోని మాట్లాడనియ్యి. ఇంట్ల ఆమెకు కూడ చెప్పాలె."

"రాధక్కకు నేను చెప్త. ఇడువ. నా కండ్ల ముందట్నే ఉంచుకుంట." తర్వాత ఫోన్ పక్కకు పెట్టి, గదమాయించాడు. "ఏయ్, ఏడిసింది సాలు గని, ఆ ముకద్దంతోని మాట్లాడు పా. మొదలంట నరకమను."

మిగతాది శ్రీవాణి చూసుకుంది. అంబులెన్సు వాళ్లతో, రావుగారితో, ఆయన భార్య రాధాకుమారితో విడివిడిగా మాట్లాడింది. అంత నెమ్మదిగా, ఒక్క మాట ఎక్కువ లేకుండా మాట్లాడటం నాకు ఈ జన్మలో రాదు. చాలా రోజులుగా ఆయనకు నిద్ర సరిగా లేదట. మిల్లు మూతపడ్డప్పటి నుంచే మనిషి తగ్గిపోతున్నాడట. చెరుకు కాలడం చివరిది మాత్రమేనట. నేను అడగని ప్రశ్నలు ఆమె అడిగితే అవన్నీ బయటికి వచ్చాయి. పెద్ద డాక్టరు దగ్గరికి రావడానికి ఒప్పించింది కూడా ఆమే. అంబులెన్సు వాళ్లు వచ్చి చూసి, ఒంటరిగా వదలొద్దని చంద్రయ్యకే అప్పజెప్పి పోయారు.

అంతా అయ్యాక నా ముందు కుర్చీ వేసుకుని కూర్చుంది. నేను మెచ్చుకోలు కోసం చూశాను. అబద్ధమెందుకు.

"సలహా ఇచ్చారు," అంది. "వాదించారు. నువ్వు అని తిట్టారు. వ్యాపారినని చెప్పారు."

"మనిషి బతికిండు గదా అమ్మా."

"బతికారు. కానీ 'ఉంటానండి' అన్నారు చూడండి, అది ఎందుకు వచ్చింది అంకుల్? మీరు తిట్టినందుకు వచ్చింది. ముంచింది మీరే, లాగింది మీరే. రెండోది జరక్కపోతే?"

నీళ్ల చప్పుడు గుర్తొచ్చింది. చంద్రయ్య తిట్టొచ్చు, ఆయనకు ఆ తూము దగ్గర తరాల హక్కు ఉంది. నాకేం హక్కు ఉంది? ఆమె లెక్క సరిగ్గానే ఉంది, అందుకే నాకు ఇంకా మండింది.

"అయితే వచ్చే మంగళారం నుంచి రావద్దంటవా?"

"రావాలి. శిక్షణ మళ్లీ మొదటి నుంచి కూర్చోవాలి," అంది. నా గదిలో, నా ఫ్యాను కింద కూర్చుని.

కిందికి దిగి దుకాణంలో కూర్చున్నానే గానీ మనసు లేదు. ఒకతనికి అడిగిన పైపు కాక ఇంకోటి ఇచ్చి పంపాను. భాస్కర్ వింతగా చూశాడు. ఎండ ఎదురు గోడ మీద నుంచి పైకి పోతుంటే నాకు కాళ్లు నిలవలేదు. నేను కొన్నది పొద్దుగూకే దాకానే. అంతకన్నా ఒక్క నిమిషం ఇవ్వనన్నాడు. ఆ మనిషి మాట మీద నిలబడే రకం, అదే నా భయం.

పొద్దు వాలుతుండగా పైకి పోయాను. శ్రీవాణి అప్పటికే నంబరు కలుపుతోంది. నన్ను చూసి ఏమీ అనకుండా స్పీకరు పెట్టింది.

"రావుగారూ, నేనే, పొద్దుగాల్టి మనిషిని. పొద్దుగూకుతున్నది. రేపటి సంగతి ఏమంటరు?"

"ఏవండీ, మీరా!" ఇంజను చప్పుడులో అరుస్తున్నాడు. "ఇదా అడిగే టైము? లారీ సగం కూడా ఎక్కలేదు. ముకద్దం పని ఆపేస్తానంటున్నాడు. రేపు రెండో లారీ. ఎల్లుండి డాక్టరంటున్నారు. మధ్యలో మీరొకరు!"

"రేపటి దాక అయితే ఖాయమే గదా?"

"రేపు నాకు చావడానిక్కూడా తీరిక లేదండి బాబూ!"

అని, తను అన్న మాట తనకే వినపడి ఆగిపోయాడు. ఇంజను ఒక్కటే మోగుతోంది.

"మరి లారీలు పోయినంక?" అన్నాను. ఇది అడగక తప్పదు. తిన్నగానే అడగాలి.

"తెలియదండి," అన్నాడు. నిజమే చెప్పాడు. "ఇంకా తెలియదు."

"గట్లయితే ఎల్లుండికి..."

ఇంకేదో గొంతు అడ్డం వచ్చింది. ఫోన్ చేతులు మారింది.

"ఎవరండీ మీరు? నేను రాధాకుమారిని. పొద్దున ఈయనతో బేరం చేసింది మీరేనా?"

"అవునమ్మా."

"ఒక్క పూటకి కొన్నారంట."

"గంతకంటె ఇయ్యనన్నడు తల్లీ."

"సరేనండి. ఆ పూటకి మీకు చేతులెత్తి దండం పెడతాను. ఇక మిగతా పూటలన్నీ నేను బేరమాడుకుంటాను, ఆయనతో నేనే తేల్చుకుంటాను. ఎల్లుండి డాక్టరు దగ్గరికి మా చంద్రయ్య బండిలో తీసుకొస్తున్నాం. ఇప్పుడు అన్నం తినాలి ఈయన, నిన్నటి నుంచి తినలేదు. ఏవండీ, దిగండి ఆ లారీ మీంచి, దిగమంటున్నానా!"

ఫోన్ కట్ అయింది.